మాస్ మొక్కను కొవ్వుల వైపు నుంచి చూద్దాం
(డిగ్రీ విద్యార్థులు, వృక్షశాస్త్ర అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇంటర్మీడియట్‌లో బోటనీ చదివినవాళ్లకి ఫ్యునేరియా గుర్తుండే ఉంటుంది. అది ఒక మాస్ (moss), అంటే తడి గోడల మీద పచ్చగా పరుచుకునే చిన్న మొక్క. రికార్డు పుస్తకంలో బొమ్మ వేశాం, భాగాలు గుర్తించాం: పాదం, సీటా అనే కాడ, విత్తనాల్లా మొలకెత్తే సిద్ధబీజాలుండే గుళిక, పైన టోపీలా కాలిప్ట్రా. మాస్‌లు చేరే బ్రయోఫైటా వర్గం మొక్కలు వృక్షరాజ్యపు ఉభయచరాలు, వాటి ఫలదీకరణకి నీళ్లు కావాలి అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ పాఠంలో నీటి ప్రస్తావన పేజీకి పదిసార్లు వస్తుంది. కొవ్వు అన్న మాట ఒక్కసారి కూడా రాదు. నా దృష్టిలో ఆ పాఠానికి అదే పెద్ద లోటు. ఎందుకంటే ఈ మొక్క నీటి చేతిలో ఇంతగా చిక్కుకుని కూడా కోట్ల ఏళ్లుగా ఎలా బతికి బట్టకట్టిందో తెలియాలంటే దాని కొవ్వులని చూడాలి. ఈరోజు నేను చెప్పదలచుకున్నది అదే.

ముందు ఒక మాస్ ఆకుని దగ్గరగా చూద్దాం. ఇక్కడ బల్ల మీద మైక్రోస్కోప్ ఉంది, ప్రసంగం అయ్యాక ఒక్కొక్కరూ వచ్చి చూడొచ్చు. స్లైడ్ మీద పెట్టింది పిట్టగోడ మీద నుంచి తీసిన హయోఫైలా. మన దగ్గర గోడల మీద, రాళ్ల మీద తరచుగా కనిపించే మాస్ ఇది. ఎండిపోయి ఉంది కాబట్టి ఆకులు లోపలికి చుట్టుకుని, గోధుమ రంగులో చచ్చిపోయినట్టు కనిపిస్తాయి. ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. ఒక్కో ఆకూ చుట్ట విప్పుకుంటుంది, పచ్చదనం పైకి తేలుతుంది. నీళ్లు అందడానికి వేరు అక్కర్లేదు, ఆకే తాగేస్తుంది. మధ్య ఈనె వదిలేస్తే ఆ ఆకు మందం ఒకే ఒక్క కణం. మామిడి ఆకుని అడ్డంగా కోస్తే పొరలు పొరలుగా కణాలుంటాయి, అడుగున పత్రరంధ్రాలుంటాయి, నీళ్లు పోకుండా తలుపులు మూసుకునే ఏర్పాటు ఉంటుంది. మాస్ ఆకుకి అవేవీ లేవు. గాలి పొడిగా ఉంటే ఆకు పొడిబారుతుంది, వాన పడితే తడుస్తుంది. అంటే బయటి వాతావరణం కొట్టే ప్రతి దెబ్బా నేరుగా కణత్వచం మీదే పడుతుంది. కణత్వచం అంటే కణం చుట్టూ ఉండే పలచని పొర, ప్రధానంగా లిపిడ్లది, అంటే కొవ్వులది. అందుకే ఈ మొక్క కథలో లిపిడ్లకి అంత ప్రాధాన్యం.

ఇక అసలు విషయం. మన వంటింట్లో ఉండే వేరుశనగ నూనె, నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనె తీసుకోండి. వాటిలో ఒకటి కంటే ఎక్కువ ద్విబంధాలు (రెండు కార్బన్ల మధ్య జంట బంధాలు) ఉన్న కొవ్వు ఆమ్లాల్లో ముఖ్యమైనది లినోలెయిక్ ఆమ్లం: 18 కార్బన్లు, 2 ద్విబంధాలు. అవిసె గింజల్లో అయితే 18 కార్బన్లు, 3 ద్విబంధాలు ఉన్న ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. పుష్పించే మొక్కల్లో ఈ రకం కొవ్వు ఆమ్లాలు సాధారణంగా 18 దగ్గర ఆగిపోతాయి. 20 కార్బన్లు, 4 ద్విబంధాలు ఉన్న ఆరకిడోనిక్ ఆమ్లం కావాలంటే గుడ్డు, మాంసం, చేప తినాలనీ, లేదా మన ఒంట్లోనే లినోలెయిక్ ఆమ్లం నుంచి తయారు కావాలనీ పోషకాహార పుస్తకాల్లో చదువుకున్నాం. మెదడులో, కాలేయంలో, రక్తకణాల పొరల్లో ఉండే కొవ్వు అది. అందుకే జంతువుల కొవ్వు అనే ముద్ర దానికి పడిపోయింది.

1960లలో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన హార్మెల్ సంస్థలో ష్లెంక్, గెల్లర్‌మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు మొక్కల కొవ్వుల్ని విడదీసి పరిశీలిస్తూ మాస్ మొక్కల్లో ఈ ఆరకిడోనిక్ ఆమ్లాన్ని గుర్తించారు. ఎక్కడో లేశమాత్రంగా కాదు, బాగానే ఉంది. ఆ తర్వాత ఎన్నో మాస్ జాతుల్లో చూశారు. ఆరకిడోనిక్ ఆమ్లంతో పాటు, చేప నూనెలో ఉండే ఐకోసాపెంటయినోయిక్ ఆమ్లం కూడా దొరికింది. దీన్ని ఇక నుంచి ఈపీఏ అందాం. వేరూ పువ్వూ లేని ఈ చిన్న మొక్క చేపలోనూ కోడిగుడ్డులోనూ ఉండే కొవ్వుని తన ఆకుల్లో తయారు చేసుకుంటోంది.

ఎలా తయారు చేస్తుందో వరుసగా చెప్తాను, ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. లినోలెయిక్ ఆమ్లం మీద డెల్టా-6 డీసాచురేజ్ అనే ఎంజైమ్ పనిచేసి మూడో ద్విబంధం పెడుతుంది. తర్వాత ఎలాంగేజ్ అనే ఎంజైమ్ 2 కార్బన్లు కలుపుతుంది, 18 కాస్తా 20 అవుతుంది. చివర్లో డెల్టా-5 డీసాచురేజ్ నాలుగో ద్విబంధం పెడుతుంది. ఆరకిడోనిక్ ఆమ్లం సిద్ధం. ఇవే మూడు మెట్లు ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లంతో మొదలుపెడితే ఈపీఏ వస్తుంది. పుష్పించే మొక్కల్లో మొదటి మెట్టు ఎక్కినవి అక్కడక్కడా ఉన్నాయి, ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ గింజల నూనెలో గామా లినోలెనిక్ ఆమ్లం ఉండటం అలాంటిదే. రెండో మెట్టు దగ్గరే దారి మూసుకుపోయింది.

ఈ మెట్లన్నీ ఒక్కో జన్యువు స్థాయిలో తెలిసింది ఫిస్కోమిట్రియం పేటెన్స్ అనే మాస్ వల్ల. పాత పుస్తకాల్లో దీని పేరు ఫిస్కోమిట్రెల్లా. ప్రయోగశాలల్లో విరివిగా వాడే గ్రాన్స్‌డెన్ రకం 1962లో ఇంగ్లండ్‌లోని గ్రాన్స్‌డెన్ అడవి దగ్గర వైట్‌హౌస్ అనే వృక్షశాస్త్రవేత్త సేకరించిన మాస్‌లోని ఒకే ఒక్క సిద్ధబీజం నుంచి పెరిగిన సంతతి. దాని జీనోమ్ (మొత్తం డీఎన్ఏ క్రమం) 2008లో వెలువడింది, మాస్‌లలో అదే మొదటిది. పరిశోధకులకి ఈ మొక్క అంటే అంత ఇష్టం ఎందుకంటే, మనకి కనిపించే పచ్చటి మాస్ మొక్క సంయోగబీజదం, అంటే స్త్రీ, పురుష బీజకణాలు తయారుచేసే దశ. దానిలో క్రోమోజోముల జత ఉండదు, ఒకే సెట్ ఉంటుంది. ఒక జన్యువుని పాడుచేస్తే దాని లోటు పూడ్చడానికి రెండో ప్రతి ఉండదు, ఫలితం వెంటనే బయటపడుతుంది. పైగా మనం లోపలికి పంపిన డీఎన్ఏ జీనోమ్‌లో తనతో సరిపోలే చోటే వెళ్లి కూర్చునే గుణం ఈ మొక్కలో చాలా ఎక్కువ. మామూలు మొక్కల్లో అది ఎక్కడ అతుక్కుంటుందో చెప్పలేం. అందుకని జన్యువుని ఎంచి మరీ తీసేయడం ఇక్కడ సాధ్యమైంది.

1998లో జర్మనీలో గిర్కే, రెస్కీ, హైంజ్, మరికొందరు కలిసి ఇలాగే డెల్టా-6 డీసాచురేజ్ జన్యువుని పాడుచేశారు. ఆ మాస్‌లో ఆరకిడోనిక్ ఆమ్లం దాదాపు మాయమైంది, దాని ముడిసరుకు అయిన లినోలెయిక్ ఆమ్లం పేరుకుపోయింది. 2002లో జాంక్, సహచరులు ఎలాంగేజ్ జన్యువుని తీసేశారు. 20 కార్బన్ల కొవ్వు ఆమ్లాల వరస మొత్తం పోయింది. మరి మొక్క ఏమైంది? ఏమీ కాలేదు. పళ్లెంలో పచ్చగా, మామూలు మాస్ లాగే పెరిగింది.

ఈ ఫలితం మీద నా అభిప్రాయం చెప్పాలి. ఇంత శ్రమపడి తయారు చేసుకునే కొవ్వు లేకపోయినా నష్టం లేదంటే, ఆ కొవ్వుతో పనే లేదేమో అని కొందరికి అనిపిస్తుంది. నేను ఒప్పుకోను. ప్రయోగశాల పళ్లెంలో మాస్‌కి రోజూ ఒకే ఉష్ణోగ్రత, ఒకే వెలుతురు, సరిపడా నీళ్లు, లవణాలు. పురుగు కొరకదు, బూజు పట్టదు, ఎండ మాడ్చదు, మంచు కురవదు. ఏ కష్టమూ లేనిచోట కష్టకాలపు సరంజామా అక్కరకి రాకపోవడంలో వింతేముంది? ఆ కొవ్వు పని చూడాలంటే మొక్కని గాయపరచాలి, చలిలో పెట్టాలి, ఎండబెట్టాలి.

గాయంతో మొదలుపెడదాం. గడ్డి కోసినప్పుడు వచ్చే పచ్చి వాసన మనందరికీ తెలుసు. అది కొవ్వు నుంచి వచ్చే వాసనే. కణాలు చితికినప్పుడు లైపాక్సిజినేజ్ అనే ఎంజైమ్ 18 కార్బన్ల కొవ్వు ఆమ్లానికి ఆక్సిజన్ తగిలిస్తుంది, ఇంకో ఎంజైమ్ దాన్ని రెండు ముక్కలు చేస్తుంది: ఒకటి 12 కార్బన్లది, రెండోది 6 కార్బన్లది. ఆ 6 కార్బన్ల ముక్కే గాల్లోకి ఎగిరి మన ముక్కుకి చేరే పచ్చి వాసన. మాస్‌లో ఏం జరుగుతుందో చూడండి. 2005లో జర్మనీలో విషార్డ్, పోనర్ట్, ఫాయ్‌స్నర్ తదితరులు ఫిస్కోమిట్రియంని చిదిపి చూస్తే, ఎంజైములు 20 కార్బన్ల ఆరకిడోనిక్ ఆమ్లం మీద పడుతున్నాయని తేలింది. అక్కడ విడిపోయి గాల్లో కలిసేది 8 కార్బన్ల ముక్క. అందులో ముఖ్యమైనది ఆక్టెనాల్. పుట్టగొడుగులకి ఆ ప్రత్యేకమైన వాసన ఇచ్చే పదార్థం అదే. గాయానికి గడ్డి ఒక రకంగా, మాస్ ఇంకో రకంగా స్పందిస్తాయి. తేడా అంతా చేతిలో ఉన్న ముడిసరుకులో ఉంది.

దీనికి అవతలి వైపు కూడా చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. 1981లో అమెరికాలో బోస్టాక్, కూచ్, లెయిన్ అనే శాస్త్రవేత్తలు బంగాళదుంప లేట్ బ్లైట్ తెగులు మీద పనిచేస్తున్నారు. ఐర్లండ్‌లో 1840లలో ఘోరమైన కరువు తెచ్చిన తెగులు అది, కారణం ఫైటోఫ్తోరా ఇన్‌ఫెస్టన్స్. ఆ తెగులు జీవిలో ఉన్న ఏ పదార్థాన్ని చూసి దుంప రక్షణ చర్యలు మొదలుపెడుతోందని వెతికితే, దొరికినవి ఆరకిడోనిక్ ఆమ్లం, ఈపీఏ. బంగాళదుంపకి ఆ కొవ్వు సొంతంగా లేదు. కాబట్టి అది కనపడిందంటే లోపల పరాయివాడున్నట్టే. పుష్పించే మొక్కలు ఆ కొవ్వుని వదిలేసుకోవడం వల్లే శత్రువుని పసిగట్టడానికి అది గుర్తుగా పనికొచ్చిందని నేను అనుకుంటాను. మాస్‌కి ఆ అవకాశం లేదు, తన ఒంట్లోనే అది బోలెడుంది. అది ఆ కొవ్వునే ఆయుధం చేసుకుంది.

ఇప్పుడు చలి. శీతాకాలంలో డబ్బాలో నెయ్యి గడ్డకడుతుంది, పక్కనే సీసాలో నువ్వుల నూనె మాత్రం జారుతూనే ఉంటుంది. ద్విబంధం ఉన్నచోట కొవ్వు ఆమ్లపు గొలుసు వంగుతుంది, వంగినవి ఒకదానికొకటి దగ్గరగా సర్దుకోలేవు, అందుకే గడ్డకట్టవు. కణత్వచానికీ ఇదే వర్తిస్తుంది. పొర బిగుసుకుపోతే దానిలో ఉన్న ప్రోటీన్లు కదల్లేవు, లవణాల రాకపోకలు ఆగిపోతాయి. నాలుగైదు ద్విబంధాలున్న గొలుసులుంటే చలిలో కూడా పొర మెత్తగా ఉంటుంది. ధ్రువ ప్రాంతాల్లో చెట్లు నిలవలేని చోట మాస్‌లు దట్టంగా పెరగడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

అక్కడి జంతువుల సంగతి మరీ ఆసక్తికరం. మాస్ మంచి మేత కాదు. సరిగా అరగదు, బలం తక్కువ. వెచ్చటి దేశాల్లో పశువులు దాన్ని ముట్టవు. ఆర్కిటిక్‌లో మాత్రం స్వాల్‌బార్డ్ దీవుల రెయిన్‌డీర్లు, లెమ్మింగులు అనే ఎలుకల్లాంటి చిన్న జంతువులు మాస్ తింటాయి. చలి ప్రదేశాల్లోనే ఎందుకు తింటాయన్న ప్రశ్న 1982లో డచ్ శాస్త్రవేత్త హెర్బర్ట్ ప్రిన్స్ లేవనెత్తాడు. మాస్‌లోని ఆరకిడోనిక్ ఆమ్లం ఆ జంతువుల కణాల పొరలని, ముఖ్యంగా మంచు మీద ఆనే కాళ్లలోని పొరలని చలికి బిగుసుకోకుండా కాపాడుతుందని ఆయన ఊహ. వేరే మేత దొరక్క తింటాయని వాదించేవాళ్లూ ఉన్నారు, ఊహని ఊహగానే తీసుకోండి. ఏది నిజమైనా, మొక్క కొవ్వు మీద అడిగిన ప్రశ్న రెయిన్‌డీర్ కాలిదాకా వెళ్లడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఎండబారడం దగ్గరికి వస్తే కథ కొంచెం చిక్కుబడుతుంది. 1970లలో కెనడాలో డెరెక్ బ్యూలీ అనే శాస్త్రవేత్త టార్టులా రూరాలిస్ అనే మాస్ మీద ఏళ్లతరబడి పనిచేశాడు. ఇప్పుడు దాన్ని సింట్రికియా రూరాలిస్ అంటున్నారు. అది నీళ్లన్నీ పోగొట్టుకుని పొడిపొడిగా నెలల తరబడి ఉండగలదు. నీళ్లు తగిలితే నిమిషాల్లో శ్వాసక్రియ, ఆ తర్వాత కిరణజన్య సంయోగక్రియ మళ్లీ మొదలవుతాయి. నీళ్లు తగిలిన తొలి క్షణాలే గండం. ఎండిన త్వచాలు సర్దుకునే లోపు కణంలోని లవణాలు బయటికి కారతాయి. మెల్లగా ఎండిన మాస్‌లో తక్కువ కారతాయి, హఠాత్తుగా ఎండినదానిలో ఎక్కువ. అయినా అది చావదు, పొరలు బాగుచేసుకుని, కారిపోయిన వాటిలో చాలావరకు తిరిగి లోపలికి లాక్కుంటుంది. ఎండే సమయంలో కణంలో ఉన్న సుక్రోజ్ నీటి స్థానంలో నిలబడి పొరలు ఒకదానికొకటి అతుక్కుపోకుండా చూస్తుంది.

చిక్కెక్కడంటే, ద్విబంధాలు ఎక్కువున్న కొవ్వు ఆక్సిజన్‌కి తొందరగా లొంగిపోతుంది. నూనె మక్కిపోవడం అంటే అదే. ఎండుతున్న కణంలో, అందులోనూ ఎండ పడుతున్నప్పుడు, తీవ్రంగా దాడిచేసే ఆక్సిజన్ రూపాలు పుడతాయి. మాస్ పొరల నిండా ఉన్నదేమో తేలిగ్గా మక్కిపోయే కొవ్వు. చలికి పనికొచ్చిన గుణమే ఎండలో ముప్పయింది. విటమిన్ ఇ, గ్లూటాథయోన్ లాంటి రక్షక పదార్థాలతో మాస్ దీన్ని నెట్టుకొస్తుంది. చలి, ఎండ, పురుగు, మూడింటితోనూ నెగ్గుకు రావాల్సిన మొక్క కాబట్టి ఏ ఒక్కదానికీ సరిగ్గా అమరే కొవ్వు దానికి కుదరదు. ఈ మూడింటి మధ్య రాజీ ఒక్కో జాతిలో ఒక్కోలా ఉంటుంది. మన అరకు లోయలో చెట్ల బెరడు మీద ఉన్న మాస్‌కీ, రాయలసీమ రాతిమీద ఎండే మాస్‌కీ కొవ్వుల లెక్క ఒకటే ఉంటుందని నేను అనుకోను. విద్యార్థులకి చెప్తున్నాను, ఇది చేతికందే పరిశోధనాంశం.

ఇంతవరకూ లోపలి పొరల గురించే మాట్లాడాను. బయటి తొడుగు కూడా కొవ్వుదే, అవభాసిని అంటాం, మైనం పూసిన పలచని పొర. మాస్‌లకి అది ఉండదనో, ఉన్నా లెక్కలోది కాదనో చాలాకాలం అనుకున్నారు. 2013లో అమెరికాలో ఫిస్కోమిట్రియం మీద చేసిన పనిలో, మైనాన్ని కణం బయటికి చేరవేసే ఒక ప్రోటీన్ జన్యువుని తీసేస్తే ఆకుల మీద మైనం తగ్గిపోయింది, ఆ మొక్కలు నీళ్లు లేక ఎండినప్పుడు ఎక్కువగా దెబ్బతిన్నాయి. పుష్పించే మొక్కల్లోనూ ఇదే కుటుంబానికి చెందిన ప్రోటీన్లు ఇదే పని చేస్తాయి. మొక్కలు నీళ్లలోంచి నేల మీదికి వచ్చిన తొలినాళ్ల ఏర్పాటు ఇది అని దీన్నిబట్టి అనుకోవచ్చు.

ఇక మన ఫ్యునేరియా. కాలిప్ట్రా గుర్తుందా? గుళిక కొనమీద ఉండే ఆ చిన్న టోపీ. రికార్డులో బొమ్మ వేసి వదిలేశాం. అసలది తల్లి కణజాలం. సిద్ధబీజాలు తయారుచేసే దశ సిద్ధబీజదం, అదే బిడ్డ, అది తల్లి మొక్క మీదే పెరుగుతుంది, పైకి లేచేటప్పుడు స్త్రీ బీజాశయం పైభాగాన్ని తెంపుకుని తలమీద మోసుకుపోతుంది. అంటే బిడ్డ తలమీద తల్లి ఒంటి ముక్క. అమెరికాలో జెస్సికా బడ్కీ, గోఫినె, జోన్స్ ఈ టోపీని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూశారు. దాని మీద అవభాసిని మందంగా, 4 పొరలుగా ఉంది. తల్లి ఆకుల మీద ఉన్నదానికన్నా మందం. తన ఆకులకి లేనంత రక్షణ బిడ్డ తలకి కప్పింది. తర్వాత వాళ్లు టోపీ మీది అవభాసినిని తొలగించి, మళ్లీ బిడ్డ తలమీద పెట్టి, పొడి గాలిలో ఉంచారు. 2013లో ఆ ఫలితాలు వచ్చాయి: మైనం పోయిన టోపీ కింద పెరిగిన సిద్ధబీజదాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి, బతికినవాటిలోనూ ఎదుగుదల కుంటుపడింది. సీటా కొన దగ్గర లేత కణాలు విభజన చెందుతూ ఉంటాయి, ఎండిపోతే ముందు పోయేవి అవే. ఒక పలచని మైనపు పూత వచ్చే తరం సిద్ధబీజాల సంఖ్యని నిర్ణయిస్తోంది. నలభై ఏళ్లుగా క్లాసుల్లో ఇదే బొమ్మ గీయిస్తున్నాం. ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పినా పిల్లలు ఆ బొమ్మని ఇంకోలా చూస్తారు.

సిద్ధబీజాల గురించి క్లుప్తంగా. గుళికలోంచి రాలే ఆ పొడిలో ప్రతి రేణువులోనూ నూనె బిందువులు నిండి ఉంటాయి. మొలకెత్తినప్పుడు మొదటి ఆహారం అదే. బిందువులు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా వాటి చుట్టూ ఒలియోసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. మన వేరుశనగ గింజలో నూనె బిందువుల చుట్టూ ఉన్నదీ ఆ ప్రోటీనే. విత్తనాలు పుట్టక ముందే విత్తనంలో నూనె దాచే పద్ధతి మాస్‌లలో ఉందన్నమాట. రేణువు పైన ఉండే గట్టి కవచం స్పోరోపొలెనిన్ తయారీలో కూడా కొవ్వు ఆమ్లాల నుంచి వచ్చిన ముక్కలున్నాయి.

త్రిబంధం ఉన్న కొవ్వు ఆమ్లాలు కూడా కొన్ని మాస్‌లలో ఉన్నాయి. సెరటోడాన్ పర్‌ప్యూరియస్‌లో ద్విబంధాన్ని త్రిబంధంగా మార్చే ఎంజైమ్‌ని 2000లో స్పెర్లింగ్, హైంజ్ బృందం కనుక్కుంది. డిక్రానమ్ అనే మాస్ పేరుతోనే డిక్రానిన్ అని పిలిచే ఆమ్లం ఇలాంటిది, సూక్ష్మజీవుల మీద పనిచేస్తుంది. దీని గురించి చెప్పాల్సింది చాలా ఉంది కానీ సమయం చాలదు.

చచ్చిపోయాక కూడా మాస్ కొవ్వు చరిత్ర చెప్తుంది. స్ఫాగ్నమ్ మాస్ పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయి పీట్ నేలలు ఏర్పడతాయి. భూమి మీద నేలలో దాగిన కార్బన్‌లో దాదాపు మూడో వంతు పీట్ నేలల్లో ఉందంటారు, విస్తీర్ణంలో మాత్రం అవి నేల భాగంలో 3 శాతం. స్ఫాగ్నమ్ మైనంలో 23, 25 కార్బన్ల ఆల్కేన్లు (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న గొలుసులు) ఎక్కువ. గడ్డి, పొదలు, చెట్ల ఆకుల మైనంలో 27 నుంచి 33 కార్బన్లవి ఎక్కువ. ఈ ఆల్కేన్లు వేల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉంటాయి. పీట్‌ని లోతుకి తవ్వి, పొర పొరకీ 23 ఎంత, 31 ఎంత అని కొలిస్తే, ఎప్పుడు ఆ నేల తడిగా ఉండి స్ఫాగ్నమ్ పెరిగిందో, ఎప్పుడు ఆరిపోయి పొదలు వచ్చాయో తెలిసిపోతుంది. ఇంగ్లండ్‌లో కంబ్రియాలోని బోల్టన్ ఫెల్ మాస్ అనే పీట్ నేల మీద ఇలా చేసిన పని 2000లో వచ్చింది. తర్వాత చాలా దేశాల్లో చేశారు.

చివరగా, ఈ జ్ఞానం ఎక్కడికి వెళ్లిందో చెప్తాను. ఇందాక ఎలాంగేజ్ అన్నాను కదా, మామూలు మొక్కలకి లేని ఆ రెండో మెట్టు. ఫిస్కోమిట్రియం నుంచి తీసిన ఆ జన్యువుని 2005లో కెనడా శాస్త్రవేత్తలు ఇతర జీవుల జన్యువులతో పాటు బ్రాసికా జన్సియాలో పెట్టారు. అంటే మన పోపుల డబ్బాలో ఉండే ఆవాల మొక్క. గింజ కొవ్వులో ఆరకిడోనిక్ ఆమ్లం 25 శాతం దాకా, ఈపీఏ 15 శాతం దాకా వచ్చింది. తర్వాత ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ పరిశోధన సంస్థలో కామెలినా అనే నూనెగింజల మొక్కలో అదే మాస్ జన్యువుని వాడి చేప నూనె లాంటి నూనె తీశారు, పొలంలో కూడా పండించి చూశారు. సముద్రంలో చేపలని ఖాళీ చేయకుండా ఈపీఏ లాంటి ఒమేగా-3 కొవ్వులు సంపాదించే మార్గాల్లో ఇదొకటి. జన్యుమార్పిడి పంటల మీద మనలో వేరువేరు అభిప్రాయాలుంటాయి, ఉండాలి కూడా. ఆ చర్చకి కూర్చునేముందు ఈ జన్యువు ఒక మాస్ నుంచి వచ్చిందని తెలిసి ఉండటం మంచిది.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను.

(సభలో ఒక ప్రశ్న: అయితే మాస్‌ని ఎండబెట్టి పొడిచేసి తింటే ఒమేగా-3 వస్తుందా సార్?)

వద్దు నాన్నా. మాస్ ఎండు బరువులో మొత్తం లిపిడ్లే కొద్ది శాతం. అందులో ఈ ఆమ్లం ఒక భాగం. అవసరమైనంత రావాలంటే గంపలకొద్దీ తినాలి, అది అరగదు. ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. మాస్ గాల్లోంచి, వానలోంచి వచ్చిన ప్రతిదాన్నీ ఆకులతో పీల్చుకుంటుంది, సీసం, కాడ్మియం లాంటి భారలోహాలు కూడా. యూరప్‌లో గాలి కాలుష్యం కొలవడానికి చాలా దేశాలు కలిసి మాస్‌లనే సేకరించి పరీక్షిస్తున్నాయి. రోడ్డు పక్క గోడ మీది మాస్ తినడమంటే ఆ రోడ్డు పొగంతా తిన్నట్టే.

(ఇంకో ప్రశ్న: గాయం తగిలితే మొక్కల్లో జాస్మోనిక్ ఆమ్లం తయారవుతుందని మా మేడమ్ చెప్పారు. మాస్‌లో కూడా అంతేనా?)

మంచి ప్రశ్న అమ్మా. గాయం తగిలిందని మొక్కలో సంకేతం అందించే జాస్మోనిక్ ఆమ్లం కూడా కొవ్వు ఆమ్లం నుంచే వస్తుంది. ఫిస్కోమిట్రియంలో దాని ముందు మెట్టు అయిన ఓపీడీఏ అనే పదార్థం వరకూ తయారవుతుంది, జాస్మోనిక్ ఆమ్లం మాత్రం దొరకలేదు. మాస్‌లకి బంధువులైన లివర్‌వర్ట్‌లలో ఒకటైన మార్కాన్షియాలో, ఓపీడీఏకి దగ్గరి చుట్టమైన ఇంకో పదార్థం జాస్మోనిక్ ఆమ్లం చేసే పని చేస్తుందని 2018లో తేలింది. సంకేతాన్ని అందుకునే ప్రోటీన్ పుష్పించే మొక్కల్లో ఉన్న రకమే, దానికి అమరే సంకేతం వేరు.

(ఒక విద్యార్థిని: మా కాలేజీ ల్యాబ్‌లో పెద్ద పరికరాలు లేవు. ఇందులో మేం చేయగలిగింది ఏమైనా ఉందా సార్?)

తప్పకుండా ఉంది. రెండు పనులు చెప్తాను. మొదటిది, వానలు తగ్గాక ఫ్యునేరియా గానీ, మీకు దొరికిన ఏ మాస్ గానీ ముదిరిన గుళికలతో తెచ్చుకోండి. స్లైడ్ మీద గుళిక చిదిపి సిద్ధబీజాలు రాల్చండి. కవర్ స్లిప్ పెట్టి పెన్సిల్ వెనకభాగంతో కొంచెం గట్టిగా నొక్కితే కొన్ని రేణువులు పగులుతాయి. 70 శాతం ఆల్కహాల్‌లో కరిగించి వడకట్టిన సుడాన్-3 రంగు ఒక అంచు నుంచి వేసి పది పదిహేను నిమిషాలు ఆగండి. 50 శాతం ఆల్కహాల్‌తో కడిగి గ్లిసరిన్‌లో చూడండి. నారింజ ఎరుపు రంగులో గుండ్రటి చుక్కలు కనపడితే అవే నూనె బిందువులు. పగలని రేణువుల్లో గోడ ముదురు రంగులో ఉంటుంది కాబట్టి లోపలిది సరిగా కనిపించదు, పగిలినవే చూడాలి.

రెండోది కొంచెం పెద్ద పని, కెమిస్ట్రీ లెక్చరర్ గారిని కూడా కలుపుకోండి. ఒకే జాతి మాస్‌ని రెండు చోట్ల నుంచి తీసుకోండి, ఒకటి ఎండ తగిలే గోడ మీదిది, ఒకటి నీడలో బావి గట్టుదో చెట్టుదో. మట్టి, ఇసుక లేకుండా ఓపిగ్గా కడగాలి, సగం పని అదే. క్లోరోఫామ్ రెండు పాళ్లు, మిథనాల్ ఒక పాలు కలిపి అందులో నూరి వడకట్టండి. గాలి బాగా ఆడేచోట, ఫ్యూమ్ హుడ్ ఉంటే అందులోనే చేయాలి, క్లోరోఫామ్ పీల్చకూడదు. ఆ ద్రావణాన్ని సిలికా పలక మీద చుక్క పెట్టి, పలకని ద్రావకంలో నిలబెట్టి పైకి పాకనిచ్చి, మూతపెట్టిన గాజుపాత్రలో అయోడిన్ ఆవిరి చూపిస్తే లిపిడ్లు పసుపు, గోధుమ రంగు మచ్చలుగా తేలతాయి. పక్కనే వేరుశనగ నూనె చుక్క కూడా పెట్టుకుంటే ఏది నిల్వ నూనె, ఏవి త్వచపు లిపిడ్లు అని పోల్చుకోవచ్చు. ఆరకిడోనిక్ ఆమ్లాన్ని విడిగా చూడటానికి మాత్రం గ్యాస్ క్రొమటోగ్రఫీ కావాలి. అది మీ దగ్గర లేదు కాబట్టి, సారాన్ని నత్రజని వాయువు కింద ఆరబెట్టి, గాజుసీసాలో మూతపెట్టి ఫ్రీజర్‌లో ఉంచి, యూనివర్సిటీ ల్యాబ్‌కి పంపించే ఏర్పాటు చేసుకోండి. ఆలస్యం చేయొద్దు, ఆ కొవ్వు గాలి తగిలితే పాడైపోతుంది. సీసా మీద జాతి పేరు, తీసిన చోటు, తేదీ, ఎండా నీడా అన్నది రాయడం మర్చిపోవద్దు.